మూడు వలయాల జాన్ వెన్

 

ఈ నెల గోడపత్రికలో ఒక గొప్పవాళ్ళ జీవిత చరిత్ర రాయమని నాకు అప్పజెప్పినారు. ఎప్పుడూ మనం గాంధీ గారిది, అల్లూరి సీతారామరాజు గారిది, కొమురం భీం గారిది రాస్తుంటాం. ఈసారి వేరే ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన యుద్ధం చేయలేదు, జైలుకు పోలేదు. కాగితం మీద మూడు వలయాలు గీసినాడు, అంతే. ఆయన పేరు జాన్ వెన్. ఇంగ్లాండు దేశస్థుడు. చనిపోయి నూరేళ్ళు దాటింది. లెక్కల పుస్తకంలో సమితుల పాఠంలో వెన్ చిత్రాలు అని ఉంటుంది కదా, ఆ వెన్ ఈయనే.

ఆయన గురించే ఎందుకు రాస్తున్నానంటే, నా చేత ఒక తప్పు జరిగింది. ఆ తప్పు సంగతి ముందు చెప్పి, తర్వాత ఆయన కథ చెప్తాను.

మొన్న ఆగస్టు 15 పండుగకు మన తొమ్మిది, పది తరగతుల వాళ్ళు మూడు కార్యక్రమాలు చేసినారు. థింసాలో 20 మంది, దేశభక్తి గీతంలో 16 మంది, నాటికలో 14 మంది. పాల్గొన్న ప్రతి ఒక్కరికీ ఒక పొడుగు నోటుబుక్కు, ఒక పెన్ను ఇస్తామని వార్డెను గారు ముందే చెప్పినారు. ఎన్ని కొనాలో లెక్క తీసి ఇచ్చే పని నాది. నేను ఏ కార్యక్రమంలోనూ లేను. మైకు దగ్గర పేర్లు చదివే పని కూడా నాదే.

మొదట మూడూ కూడేసినాను. 20, 16, 14 కలిపితే 50. వార్డెను గారు కాగితం చూసి నవ్వినారు. రెండు తరగతులూ కలిపి హాజరుపట్టీలో ఉన్నదే 44 మంది, మరి 50 మంది ఎట్లా ఆడినారు, పక్క ఊరి నుంచి వచ్చినారా అని అడిగినారు. నాకు సిగ్గేసింది. థింసాలో ఉన్నవాళ్ళు కొందరు పాటలోనూ ఉన్నారు, పాటలో ఉన్నవాళ్ళు కొందరు నాటికలోనూ ఉన్నారు. ఒకే మనిషిని రెండుసార్లు లెక్కపెట్టేసినాను అన్నమాట.

సరే, సరిచేద్దామని మూడు జాబితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. థింసాలోనూ పాటలోనూ ఉన్నవాళ్ళు 7 మంది. వాళ్ళ పేర్లు పాట జాబితాలో కొట్టేసినాను. పాటలోనూ నాటికలోనూ ఉన్నవాళ్ళు 6 మంది. వాళ్ళ పేర్లు నాటిక జాబితాలో కొట్టేసినాను. నాటికలోనూ థింసాలోనూ ఉన్నవాళ్ళు 5 మంది. వాళ్ళ పేర్లు థింసా జాబితాలో కొట్టేసినాను. మొత్తం 18 కొట్టివేతలు. 50లో 18 పోతే 32. ఈసారి లెక్క నమ్మేటట్టే ఉంది. వార్డెను గారు సంతలో 32 నోటుబుక్కులు, 32 పెన్నులు కొనుక్కొచ్చినారు.

పండుగ రోజు నేను మైకులో జాబితా చూసి పేర్లు చదివినాను. 32 మంది వచ్చి తీసుకున్నారు. పుస్తకం ఒక్కటి మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు. నాకు చాలా గొప్పగా అనిపించింది.

కానీ జెండా కర్ర పక్కన ముగ్గురు అట్లాగే కూర్చొని ఉన్నారు. వాళ్ళను పిలవలేదు. వాళ్ళెవరో కాదు, థింసా ఆడి, పాట పాడి, నాటిక కూడా వేసిన ముగ్గురు. అందరికంటే ఎక్కువ కష్టపడినవాళ్ళు. ఎవరి పేర్లు మూడు జాబితాల్లోనూ ఉన్నాయో, సరిగ్గా వాళ్ళ పేర్లే ఎక్కడా లేకుండా పోయినాయి. వాళ్ళలో ఒకడు నా గదివాడే. ఆ రాత్రి వాడు ఏమీ అడగలేదు. పళ్ళెం కడుక్కొని వచ్చి, ట్రంకు పెట్టె మీద దుప్పటి మడిచి పెట్టుకొని పడుకున్నాడు. రెండు రోజుల తర్వాత తెలిసింది, నాటికలో ఒకచోట మాట మర్చిపోయినాడు కదా, అందుకని తన పేరు తీసేసినారు అనుకున్నాడట.

అప్పుడు నేను లెక్కల మాస్టారి దగ్గరకు పోయినాను. ఆయన నన్ను తిట్టలేదు. వంటశాల నుంచి ఒక అన్నం పళ్ళెం తెమ్మన్నారు. ఇసుక మీద దాన్ని బోర్లించి చుట్టూ పుల్లతో గీసినారు. కొంచెం జరిపి మళ్ళీ గీసినారు. ఇంకొంచెం జరిపి మూడోది గీసినారు. మూడు వలయాలు ఒకదాని మీద ఒకటి ఎక్కినాయి. మధ్యలో మూడింటికీ చెందిన చిన్న గది ఒకటి ఏర్పడింది. ఆ గదిలో మూడు చింతగింజలు పెట్టి, నీ ముగ్గురూ ఇక్కడున్నారు చూడమన్నారు. ఆ బొమ్మ ఎవరు గీసినారని అడిగితే జాన్ వెన్ కథ చెప్పినారు. మిగతాది నేను పుస్తకాల్లో చదివి రాస్తున్నాను.

జాన్ వెన్ 1834 ఆగస్టు 4న ఇంగ్లాండులోని హల్ అనే రేవు పట్టణంలో పుట్టినాడు. తండ్రి హెన్రీ వెన్ అక్కడ డ్రైపూల్ అనే పేటలో చర్చి గురువు. తాత కూడా గురువే, ఆయన పేరు కూడా జాన్ వెనే. ఈ తాత లండను పక్కన క్లాఫం అనే చోట ఉండేవాడు. మనుషులను బానిసలుగా అమ్మడం, కొనడం ఆపాలని పోరాడిన ఒక బృందం ఆ చర్చి చుట్టూ తయారైంది. 1807లో బ్రిటిష్ పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించే చట్టం చేయడానికి ఆ బృందం చాలా కష్టపడింది. అట్లాంటి ఇంట్లో మన వెన్ పుట్టినాడు.

తల్లి ఆయన చిన్నప్పుడే చనిపోయింది. తండ్రి చాలా కట్టుబాటు గల మనిషి. వంశంలో అందరూ గురువులే కాబట్టి ఈ పిల్లవాడు కూడా గురువే కావాలని ఇంట్లో ముందే అనుకున్నారు. మన దగ్గర కూడా అంతే కదా, మా నాయన పోడు చేస్తాడు కాబట్టి నేనూ చేస్తానని ఊళ్ళో అందరూ అనుకుంటారు.

లండనులో బడి చదువు అయ్యాక 1853లో వెన్ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడ ఒక్క కాలేజీ కాదు, చాలా కాలేజీలు ఉంటాయి. ఈయన చేరినది గాన్‌విల్ అండ్ కీస్ కాలేజీ. 1857లో గణితంలో పట్టా తీసుకున్నాడు. ఆ ఏడాది గణితం ఆనర్సు పరీక్షలో ఆరో స్థానం వచ్చింది. అదే ఏడాది కాలేజీ వాళ్ళు ఆయన్ను తమ ఫెలోగా తీసుకున్నారు. చనిపోయేదాకా ఆయన ఆ కాలేజీ మనిషిగానే ఉన్నాడు.

ఇంట్లోవాళ్ళు అనుకున్నట్టే 1859లో చర్చి గురువు అయినాడు. చెషంట్, మోర్ట్‌లేక్ అనే ఊళ్ళలో కొంతకాలం ఆ పని చేసినాడు. కానీ మనసంతా చదువు మీదే. 1862లో కేంబ్రిడ్జికి తిరిగొచ్చి పాఠాలు చెప్పడం మొదలుపెట్టినాడు. ఆయన చెప్పినది తర్కశాస్త్రం, సంభావ్యత. తర్కం అంటే వాదులాట కాదు. ఒక మాట నిజమైతే దాని నుంచి ఇంకే మాట నిజమవుతుంది, ఏది కాదు అని తేల్చే శాస్త్రం.

1866లో సంభావ్యత మీద ఆయన మొదటి పెద్ద పుస్తకం వచ్చింది. అందులో ఆయన పట్టుబట్టి చెప్పిన సంగతి ఒకటుంది. నాణెం ఎగరేస్తే బొమ్మ పడే అవకాశం సగం అంటాం. ఆ సగం మన మనసులోని నమ్మకం కాదు. నాణేన్ని చాలాసార్లు, చాలా చాలాసార్లు ఎగరేసి, బొమ్మ ఎన్నిసార్లు పడిందో లెక్కపెడితే వచ్చే పాలు అది. అంటే ఊహించి చెప్పేదానికంటే లెక్కపెట్టి చెప్పేదే ఆయనకు ముఖ్యం. 1867లో సుసాన్నా అనే ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకు ఒక్కడే కొడుకు, 1883లో పుట్టినాడు. ఆ కొడుకు సంగతి తర్వాత మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఇక వలయాల కథ.

వలయాలు గీయడం వెన్‌తో మొదలు కాలేదు. ఆయనకంటే నూరేళ్ళ ముందే స్విట్జర్లాండులో పుట్టిన ఆయిలర్ అనే మహా గణితవేత్త 1760ల్లో ఒక జర్మను రాకుమారికి ఉత్తరాల్లో పాఠాలు చెప్తూ తర్కం కోసం వలయాలు గీసినాడు. వెన్ తన జాబులోనూ పుస్తకంలోనూ ఆ గౌరవం ఆయిలర్‌కే ఇచ్చినాడు, తన వలయాలను కూడా ఆయిలర్ వలయాలనే అన్నాడు. మరి తేడా ఎక్కడుంది? అది చెప్తేనే నా తప్పు ఎక్కడుందో కూడా తెలుస్తుంది.

పులులన్నీ మాంసం తినేవే అనే మాట తీసుకోండి. ఆయిలర్ పద్ధతిలో మాంసం తినే జంతువులకు ఒక పెద్ద వలయం గీసి, దాని లోపల పులులకు చిన్న వలయం గీస్తారు. బాగానే ఉంది. కానీ అట్లా గీయాలంటే సంగతి మనకు ముందే పూర్తిగా తెలిసి ఉండాలి. తెలియనిది ఏమైనా ఉంటే వలయం ఎక్కడ పెట్టాలో తోచదు. తర్వాత కొత్త సంగతి తెలిస్తే బొమ్మంతా చెరిపి మళ్ళీ గీయాలి.

వెన్ ఇట్లా చేసినాడు. ముందు రెండు వలయాలూ ఒకదాని మీద ఒకటి ఎక్కేటట్టు గీసేయాలి. అప్పుడు నాలుగు గదులు వస్తాయి. పులులై మాంసం తినేవి, పులులై మాంసం తిననివి, పులులు కాకుండా మాంసం తినేవి, ఏదీ కానివి. నాలుగో గది వలయాల బయట ఉంటుంది. గదులన్నీ కట్టినాక, ఏ గదిలో ఎవరూ లేరో దానికి గీతలు గీసి మూసేయాలి. ఇక్కడ మాంసం తినని పులుల గది మూసేస్తాం. అంతే. మూడు వలయాలైతే 8 గదులు వస్తాయి. నాలుగు సమితులైతే 16 గదులు రావాలి, కానీ నాలుగు గుండ్రటి వలయాలతో 16 గదులు రావు. ఎంత జరిపినా రావు, మేం పళ్ళెంతో చూసినాం. అందుకని వెన్ నాలుగింటికి కోడిగుడ్డు ఆకారంలో సాగిన వలయాలు గీసినాడు. ఈ పద్ధతి అంతా 1880లో ఒక శాస్త్ర పత్రికలో రాసినాడు. 1881లో సాంకేతిక తర్కం అనే పుస్తకంలో ఇంకా వివరంగా రాసినాడు.

ఇందులో నాకు నచ్చింది ఒక్కటే. ఎవరున్నారో లేరో తెలియకముందే అందరికీ గది కట్టాలి. తర్వాత వెతికి, లేనివాళ్ళ గది మూయాలి. నేను అట్లా చేయలేదు. రెండు రెండు జాబితాలనే చూసినాను. మూడింటిలోనూ ఉన్నవాళ్ళకు నా కాగితం మీద గదే లేదు. గది లేనివాళ్ళు కనిపించరు.

ఇప్పుడు ఆగస్టు 15 లెక్క వలయాలతో చేద్దాం. మధ్య గదిలో 3 మంది. థింసా, పాట రెండింటిలో 7 మంది అన్నాం, వాళ్ళలో ఈ ముగ్గురూ ఉన్నారు కాబట్టి ఆ రెండే చేసినవాళ్ళు 4 మంది. అట్లాగే పాట, నాటిక మాత్రమే చేసినవాళ్ళు 3 మంది. నాటిక, థింసా మాత్రమే చేసినవాళ్ళు 2 మంది. ఇక థింసా ఒక్కటే ఆడినవాళ్ళు, 20లో 4, 2, 3 తీసేస్తే 11 మంది. పాట ఒక్కటే పాడినవాళ్ళు 6 మంది. నాటిక ఒక్కటే వేసినవాళ్ళు 6 మంది. ఏడు గదులూ కూడండి. 11, 6, 6, 4, 3, 2, 3. మొత్తం 35. నేను చెప్పిన 50 కాదు, 32 కాదు.

గదులు కట్టకుండా నేరుగా చేసే దారి కూడా ఉంది. విడివిడి సంఖ్యలు కూడాలి, జంటల సంఖ్యలు తీసేయాలి, మూడింటిలోనూ ఉన్నవాళ్ళను మళ్ళీ కూడాలి. 50లో 18 పోతే 32, దానికి 3 కలిపితే 35. ఎందుకు మళ్ళీ కూడాలంటే ఒక్క మనిషిని పట్టుకొని చూడండి. ఒక్క దాంట్లోనే ఉన్నవాణ్ణి ఒకసారి కూడినాం, తీయలేదు. వాడు ఒకడే. రెండింటిలో ఉన్నవాణ్ణి రెండుసార్లు కూడినాం, ఒకసారి తీసినాం. వాడూ ఒకడే. మూడింటిలో ఉన్నవాణ్ణి మూడుసార్లు కూడినాం, మూడు జంటల్లోనూ ఉన్నాడు కాబట్టి మూడుసార్లు తీసినాం. వాడు సున్నా అయిపోయినాడు! ఒకసారి మళ్ళీ కలిపితేనే వాడు మనిషిగా లెక్కలోకి వస్తాడు. నాలుగు కార్యక్రమాలైతే నాలుగింటిలోనూ ఉన్నవాణ్ణి 4 సార్లు కూడి, 6 సార్లు తీసి, మళ్ళీ 4 సార్లు కూడి, 1 సారి తీయాలి. చివరికి మిగిలేది ఒకటే. ఎన్ని సమితులున్నా ఇంతే, కూడు, తీయి, కూడు, తీయి అని పోతుంది.

ఈ కూడి తీసే సూత్రం వెన్ కనిపెట్టినది కాదని కూడా రాయాలి, లేకపోతే అబద్ధం అవుతుంది. ఆయన పుట్టకముందే 1718లో అబ్రహాం డి మోయివర్ అనే ఆయన పాచికలాటల లెక్కల పుస్తకంలో దీన్ని వాడినాడు. 1854లో పోర్చుగల్ దేశస్థుడు డా సిల్వా, 1883లో ఇంగ్లాండు గణితవేత్త సిల్వెస్టర్ కూడా దీని గురించి రాసినారు. వెన్ వలయాలు గీసినది తర్కం కోసం. కానీ ఆ సూత్రం ఎందుకు నిజమో కంటికి కనిపించేటట్టు చేసింది మాత్రం ఆ వలయాలే. అందుకే ఈరోజు ప్రపంచంలో ఏ బళ్ళో అయినా ఈ లెక్క చెప్పాలంటే ముందు ఆ బొమ్మే గీస్తారు. వెన్ చిత్రం అనే పేరు కూడా ఆయన పెట్టుకున్నది కాదు. 1918లో లూయిస్ అనే అమెరికా పండితుడు తన పుస్తకంలో ఆ పేరు వాడినాడు.

1883 వెన్ జీవితంలో పెద్ద ఏడాది. ఆ ఏడాది ఆయన్ను రాయల్ సొసైటీకి ఎన్నుకున్నారు. అది ఇంగ్లాండులో శాస్త్రవేత్తలకు చాలా పెద్ద గౌరవం. అదే ఏడాది ఆయన చర్చి గురువు పదవిని వదులుకున్నాడు. తాను చదివి, ఆలోచించి తెలుసుకున్నదానికీ, గురువుగా ఒప్పుకోవలసిన మాటలకూ పొసగడం లేదని అనిపించింది. దేవుడి మీద భక్తి మాత్రం పోలేదు. తాత, తండ్రి నడిచిన దారి వదలడం సులువు కాదు కదా. నమ్మనిదాన్ని నమ్మినట్టు నటించలేక వదిలినాడు. 1888లో తర్కం మీద తాను కొని దాచుకున్న వెయ్యికి పైగా పుస్తకాలను విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇచ్చేసినాడు.

క్రికెట్ ఆడేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. వెన్‌కు యంత్రాలు చేయడం అంటే ఇష్టం. క్రికెట్ బంతి వేసే యంత్రం ఒకటి చేసినాడు. 1909లో ఆస్ట్రేలియా జట్టు కేంబ్రిడ్జికి వచ్చినప్పుడు దాన్ని వాళ్ళ ముందు పెట్టినారు. ఆ జట్టులో బాగా ఆడే ఒకాయన ఆ యంత్రం బంతికి నాలుగుసార్లు ఔటయినాడట. అప్పటికి వెన్‌కు 74 ఏళ్ళు. ఆ వయసులో మన తాతలు అరుగు మీద కూర్చొని చుట్ట కాలుస్తుంటారు.

ఆయన ముసలితనంలో చేసిన పెద్ద పని ఇంకోటి ఉంది. నాకు వలయాలకంటే ఇదే ఎక్కువ నచ్చింది.

వెన్ మెల్లగా తర్కం వదిలి చరిత్ర వైపు తిరిగినాడు. ముందు తన కాలేజీలో 1349 నుంచి చదివిన వాళ్ళందరి వివరాలూ వెతికి 1897 నుంచి సంపుటాలుగా అచ్చువేసినాడు. 1903లో ఆ కాలేజీకి ప్రెసిడెంటు అయినాడు. తర్వాత ఇంకా పెద్ద పనికి పూనుకున్నాడు. ఒక్క కాలేజీ కాదు, మొత్తం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మొదటి నుంచి 1900 దాకా చదివిన ప్రతి ఒక్కరి పేరూ, వివరమూ రాయాలని. తోడుగా ఆయన కొడుకు వచ్చినాడు. ఇందాక గుర్తుపెట్టుకోమన్నాను కదా, ఆ కొడుకే, జాన్ ఆర్చిబాల్డ్ వెన్.

ఈ పని ఎంత కష్టమో ఆలోచించండి. కాలేజీ రిజిస్టర్లు వేరు, విశ్వవిద్యాలయం రిజిస్టర్లు వేరు, చర్చి రిజిస్టర్లు వేరు. ఒకే విద్యార్థి పేరు మూడు చోట్లా ఉంటుంది. ఒక కాలేజీలో చేరి మధ్యలో ఇంకో కాలేజీకి మారిన వాళ్ళుంటారు. వాళ్ళు రెండు కాలేజీల పుస్తకాల్లోనూ ఉంటారు. పాత రోజుల్లో ఒకే పేరును ఒకచోట ఒకరకంగా, ఇంకోచోట ఇంకోరకంగా రాసేవాళ్ళు. కళ్ళు మూసుకొని రాసుకుంటూ పోతే ఒకే మనిషి ఇద్దరవుతాడు. పోనీ, ఒకే పేరు కనిపించినప్పుడల్లా ఒకటి కొట్టేద్దామా అంటే, నిజంగానే ఒకే పేరున్న ఇద్దరు వేరే వేరే మనుషులు ఉంటారు. అప్పుడు ఒకడు మాయమైపోతాడు. మన హాస్టల్లోనే ఒకే పేరు గలవాళ్ళను ఇంటిపేరుతోనో, ఊరి పేరుతోనో పిలుస్తాం. వందల ఏళ్ళ కింద చనిపోయినవాళ్ళను పిలిచి ఏ ఊరు అని అడగలేం కదా. పుట్టిన ఊరు, తండ్రి పేరు, చేరిన ఏడాది, చేసిన ఉద్యోగం అన్నీ సరిపోల్చుకొని తేల్చాలి.

నేను ఇట్లా అనుకుంటున్నాను. నడి వయసులో వలయాలు గీసిన మనిషే ముసలితనంలో ఈ పని చేసినాడు. రెండూ ఒకటే పని. ఎవరినీ రెండుసార్లు రాయకూడదు, ఎవరినీ వదలకూడదు. మొదటి భాగం 1751 వరకు చదివినవాళ్ళది, అందులోనే సుమారు 76 వేల పేర్లు ఉన్నాయి. దాని మొదటి సంపుటం 1922లో వచ్చింది. నేను 50 పేర్లలో ముగ్గురిని పోగొట్టినాను. ఆయన ముందు 76 వేలు ఉన్నాయి.

మిగతా సంపుటాలు ఆయన చూడలేదు. 1923 ఏప్రిల్ 4న కేంబ్రిడ్జిలో చనిపోయినాడు. 88 ఏళ్ళు బతికినాడు. కేంబ్రిడ్జి పక్కనే ట్రంపింగ్టన్ అనే ఊళ్ళో సమాధి చేసినారు. కొడుకు ఆ పని వదల్లేదు. 1950ల దాకా చేసి మొత్తం పది సంపుటాలు పూర్తిచేసినాడు. తాత దారి వదిలిన వెన్‌కు, తన దారిలో నడిచే కొడుకు దొరికినాడు.

తర్వాత ఆయన కాలేజీ భోజనశాల కిటికీలో రంగుటద్దాలతో మూడు వలయాల బొమ్మ అమర్చినారు. ఒక్కో వలయం ఒక్కో రంగు, అవి కలిసినచోట ఇంకో రంగు. ఆయన పుట్టిన హల్‌లో డ్రైపూల్ వంతెన మీద కూడా 2017లో ఆయన వలయాల బొమ్మ వేసినారు. భోజనశాలలో వెన్ బొమ్మ ఉండడం నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే నేను కూడా ఆ బొమ్మ నేర్చుకున్నది అన్నం పళ్ళెంతోనే.

ఇక నా మాట. నేను వార్డెను గారి దగ్గరకు పోయి తప్పు ఒప్పుకున్నాను. ఆయన ఆ శనివారం సంతలో ఇంకో మూడు నోటుబుక్కులు, మూడు పెన్నులు కొన్నారు. సోమవారం ప్రేయరులో మాస్టారు ఆ ముగ్గురి చేతికి ఇచ్చినారు. పుస్తకాలు చేరినాయి, కానీ ఆ మూడు రోజులు వాళ్ళు ఏమనుకున్నారో అది నేను తిరిగి తీసుకోలేను. అందుకే ఇక్కడ అందరూ చదివే చోట రాస్తున్నాను. మీ పేర్లు లేకపోవడానికి మీరు మాట మర్చిపోవడం కారణం కాదు. మీరు మూడింటిలోనూ ఉండడమే కారణం. తప్పు జాబితాది, ఆ జాబితా రాసిన నాది. నా గదివాడు ఇది చదివి నవ్వితే చాలు.

వచ్చే నెల దుప్పట్లు, చెప్పులు, సబ్బుల లెక్క తీసే తమ్ముళ్ళకు ఒక్క మాట. జాబితాలు కలిపేముందు పళ్ళెం బోర్లించి వలయాలు గీయండి. మధ్య గదిలో ఎవరున్నారో ముందు చూడండి.

చివరగా ఒక లెక్క ఇస్తున్నాను. 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో 2తో గానీ, 3తో గానీ, 5తో గానీ శేషం లేకుండా భాగించగలిగేవి ఎన్ని? జవాబు 74. మీకు 71 వచ్చిందంటే నాలాగే ముగ్గురిని పోగొట్టినారన్నమాట. 30, 60, 90 జెండా కర్ర పక్కన కూర్చొని ఉంటాయి, పోయి పిలుచుకొని రండి.

ఇట్లు,
పదో తరగతి విద్యార్థి